“పాత లెన్స్ అంటే అంతే” అనే మాట నమ్మి మోసపోకండి: లెన్స్, అడాప్టర్ సెట్‌గా కొనేవాళ్లకు జాగ్రత్త

పాత మాన్యువల్ లెన్స్‌ను, దాన్ని ఇప్పటి కెమెరాకు తగిలించే అడాప్టర్ రింగుతో కలిపి ‘సెట్’గా అమ్మే ప్రకటన చూసి ముచ్చటపడుతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నేను అలాంటి సెట్ కొన్నాను. అమ్మినాయన చెప్పిన ఒక్క మాట నమ్మి రిటర్న్ గడువు దాటబెట్టుకున్నాను. ఇప్పుడు నా చేతిలో మచ్చలు పడిన లెన్స్ మిగిలింది.

నేను కొన్నది ఎమ్42 స్క్రూ మౌంట్ లెన్స్. మౌంట్ అంటే లెన్స్ కెమెరాకు బిగిసే చోటు, ఇందులో మరలా తిప్పి బిగించాలి. 50 మి.మీ., ఎఫ్/1.4. ప్రకటనలో “గ్లాస్ క్లీన్, కొత్తదానిలా ఉంది, అడాప్టర్ ఉచితం” అని రాశారు. ఫోటోలన్నీ పట్టపగలు, ముందు వైపు నుంచి తీసినవే. పార్సిల్ విప్పి చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ లోహం బరువు, వెన్నలా తిరిగే ఫోకస్ రింగ్ చూసి మనసు నిండిపోయింది. దగ్గర నుంచి రెండు పువ్వులు తీశాను, చక్కగా వచ్చాయి. ఇంకేం, సంతోషంగా పడుకున్నాను.

మర్నాడు మేడ ఎక్కి దూరంగా ఉన్న సెల్ టవర్‌ను తీయబోతే అసలు సంగతి బయటపడింది. రింగ్ ఇన్ఫినిటీ (అతి దూరం) గుర్తు దగ్గర ఆగిపోయింది, ఇంక తిరగదు. స్క్రీన్ మీద జూమ్ చేసి చూస్తే టవర్ నిచ్చెన మెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి బూడిదరంగు చారలా ఉన్నాయి. పిట్టగోడ అవతల, కాస్త దూరంలో ఉన్న చెట్టు కొమ్మ మాత్రం ఆకుల ఈనెలతో సహా స్పష్టంగా ఉంది. అమ్మినాయనకు ఫోటో పంపితే, “పాత లెన్స్ అంటే అంతే సార్, ఫుల్ ఓపెన్‌లో సాఫ్ట్‌గానే ఉంటుంది, అదే దాని క్యారెక్టర్” అన్నారు. ఫుల్ ఓపెన్ అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, పూర్తిగా తెరిచి తీయడం. పాత లెన్సుల గురించి అందరూ చెప్పే మాటే కదా, నిజమే అనుకున్నాను. అలా వారాలు గడిచిపోయాయి.

అది క్యారెక్టర్ కాదు, అడాప్టర్ మందం తేడా. ఎమ్42 లెన్స్ తన మౌంట్ నుంచి 45.46 మి.మీ. వెనక ఫిల్మ్ ఉంటుందన్న లెక్కతో తయారైంది. సోనీ మిర్రర్‌లెస్ కెమెరాల ఇ-మౌంట్‌లో ఆ దూరం 18 మి.మీ. మాత్రమే. మిగతా 27.46 మి.మీ. అడాప్టర్ పూడ్చాలి. వెర్నియర్ కాలిపర్‌తో నాలుగు చోట్ల కొలిస్తే నాకు వచ్చిన అడాప్టర్ 27.75 దగ్గర తేలింది. అంటే 0.29 మి.మీ. ఎక్కువ. అంత చిన్న తేడాకు ఏమవుతుందిలే అనుకోవద్దు. ఫోకల్ లెంగ్త్‌ను (నా లెన్స్‌కు 50 మి.మీ.) దానితోనే గుణించి, వచ్చినదాన్ని ఆ తేడాతో భాగిస్తే లెన్స్ ఎంత దూరం వరకు ఫోకస్ చేయగలదో సుమారుగా తెలుస్తుంది. 2500ని 0.29తో భాగిస్తే ఎనిమిదిన్నర మీటర్లు. ఆ పైన ఉన్నదంతా మసకే. వైడ్ లెన్స్‌కైతే ఇంకా కష్టం: 28 మి.మీ. లెన్స్‌కు 0.1 మి.మీ. ఎక్కువైనా చాలు, ఎనిమిది మీటర్ల లోపే ఆగిపోతుంది. అడాప్టర్ కాస్త పలచగా ఉంటే ఇంత బాధ ఉండదు. ఫోకస్ ఇన్ఫినిటీ దాటి పోతుంది, రింగ్ మీది దూరాల అంకెలు సరిపోవు, అంతే.

మిత్రుడి దగ్గర వేరే అడాప్టర్ తెచ్చి బిగించాను. అదే లెన్స్, అదే టవర్, మెట్లు విడివిడిగా కనిపించాయి. ఆ క్షణంలో ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అయితే ఫోకస్ కుదిరాకే రెండో లోపం కంటపడింది. ఆకాశం ఫ్రేములో ఉన్న ప్రతి ఫోటో మీదా పాలు కలిపినట్టు తెల్లటి పొర ఉంది. రాత్రి గది చీకటి చేసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి కొంచెం వాలుగా చూశాను. లోపలి గాజు మీద పొగమంచులా హేజ్ ఉంది. వెనక గాజు అంచున సాలెగూడు పోగుల్లా సన్నగా పాకిన గీతలు కనిపించాయి. అది ఫంగస్. పగటి వెలుగులో ముందు నుంచి చూస్తే ఇందులో ఒక్కటీ కనపడదు. సర్వీస్ చేయిస్తే బూజు పోయింది కానీ, అది గాజు మీది పూతను (కోటింగ్) తినేసిన చోట మచ్చలు ఉండిపోయాయి. అవి ఇక పోవు.

నిజంగా వయసు వల్ల వచ్చేవి, పెద్దగా పట్టించుకోనక్కర్లేనివి కొన్ని ఉన్నాయి. రెండు మూడు దుమ్ము రేణువులు, గాజు తయారైనప్పుడే పడిన చిన్న గాలిబుడగలు, ఎదురుగా సూర్యుడుంటే ఫోటోలో వచ్చే వెలుగు మరకలు (ఫ్లేర్). థోరియం కలిసిన గాజు వాడిన సూపర్ టకుమార్ 50/1.4 లాంటి లెన్సుల్లో పసుపురంగు కూడా అలాంటిదే, కొన్ని రోజులు అల్ట్రావయొలెట్ వెలుగులో ఉంచితే చాలావరకు తగ్గుతుంది. ఫంగస్, హేజ్, అతికించిన గాజుల మధ్య జిగురు విడిపోయి అంచున కనిపించే ఇంద్రధనుస్సు రంగులు, అపర్చర్‌ను తెరిచి మూసే రేకుల మీద నూనె మాత్రం లోపాలే. “ఫోటో మీద ప్రభావం ఉండదు” అని ఎవరన్నా వదిలేయకండి.

కొనేముందు టార్చ్ వెలుగులో వెనక నుంచి తీసిన ఫోటో అడగండి. అపర్చర్ రేకులు తెరుస్తూ మూస్తూ చిన్న వీడియో అడగండి. నేను ఇప్పుడు ఈ రెండూ పంపనివాళ్ల దగ్గర కొనడం లేదు. మౌంట్ పేరు కూడా ఖచ్చితంగా కనుక్కోండి. ఎమ్42, టి-మౌంట్ అనే ఇంకో మర మౌంట్ రెండూ 42 మి.మీ. వెడల్పే. కానీ ఎమ్42 మరచుట్ల మధ్య దూరం 1 మి.మీ., టి-మౌంట్‌కు 0.75. ఒకదానిలో ఇంకొకటి కాస్త తిరిగి బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే చుట్లు పాడవుతాయి.

ఎమ్42లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆటో అపర్చర్ లెన్సుల వెనక చిన్న పిన్ ఉంటుంది. లెన్స్ మీద ఆటో, మాన్యువల్ స్విచ్ లేకపోతే ఆ పిన్‌ను నొక్కి ఉంచే అంచున్న అడాప్టరే కావాలి. లేదంటే రింగ్ ఎంత తిప్పినా అపర్చర్ మూసుకోదు. దీన్ని కూడా లెన్స్ లోపమనుకుని కంగారుపడేవాళ్లున్నారు.

లెన్స్ చేతికొచ్చిన రోజే కెమెరాకు బిగించి, రింగ్‌ను ముందుకూ వెనక్కూ తిప్పుతూ స్క్రీన్ చూడండి. బొమ్మ పక్కకు గెంతుతుంటే అడాప్టర్ లూజుగా ఉందన్నమాట. ఆ రాత్రే చంద్రుడినో, నక్షత్రాన్నో ఫుల్ ఓపెన్‌లో, జూమ్ చేసి ఫోకస్ చేయండి. చుక్క చుక్కలా రాకుండా ఉబ్బిన వృత్తంలా ఉండిపోతే, లెన్స్‌ను తిట్టే ముందు ఇంకో అడాప్టర్‌తో చూడండి. అప్పటికీ కుదరకపోతే “కొన్నాళ్లు వాడి చూడండి” అన్న సలహా వినకుండా వెంటనే రిటర్న్ పెట్టేయండి.