స్థాయీ సంఘాల పద్దుల నివేదికలు: ఏర్పేడు, పాకాల డబ్బు వెతికేవాళ్లకు ఎంత పనికొస్తాయి?

పార్లమెంటు స్థాయీ సంఘాలు, అంటే ఒక్కో శాఖ పనిని చూసే ఎంపీల బృందాలు, ఏటా మార్చిలో మంత్రిత్వ శాఖల పద్దుల మీద, అంటే అవి బడ్జెట్లో అడిగే డబ్బు మీద, నివేదికలు ఇస్తాయి. సన్సద్ వెబ్‌సైట్లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి, లాగిన్ కూడా అక్కర్లేదు. తిరుపతిలో గ్రూప్-1కి చదివేవాళ్లకు, జిల్లా పేజీలకు రాసే విలేకరులకు, ఏర్పేడులోని ఐఐటీ, ఐసర్ (సైన్స్ విద్య, పరిశోధన సంస్థ) క్యాంపస్‌లకు ఢిల్లీ ఏం ఇచ్చిందో లెక్క తెలియాలనుకునేవాళ్లకు ఇది పనికొచ్చే సరుకే. కాకపోతే చాలామంది చూడకూడని చోట చూసి, ఇందులో ఏముందిలే అని మూసేస్తారు. 5కి 3 మార్కులు. ఆ రెండు ఎక్కడ పోయాయో చివర్లో వస్తుంది.

చూడకూడని చోటు ఏదంటే బొద్దు అక్షరాల్లో ఉండే సిఫార్సులు. ఆందోళన వ్యక్తం చేయడం, మరింత శ్రద్ధ పెట్టమనడం, పనులు వేగవంతం చేయమనడం తప్ప వాటిలో సగానికి సగం ఏమీ ఉండదు. శాఖ పేరు మార్చి వేరే నివేదికలో అతికించినా తేడా కనబడదు. అసలు సరుకు వాటి పైన మామూలు అక్షరాల్లో ఉంటుంది. సంఘం అడిగిన ప్రశ్న, దానికి శాఖ రాసిచ్చిన జవాబు, ఆ కింద పట్టిక. సమాచార హక్కు అర్జీ పెట్టి 30 రోజులు ఎదురుచూసి తెచ్చుకోవాల్సిన అంకె అక్కడ ఊరికే దొరుకుతుంది.

ఈ జవాబులు ఎలా తయారవుతాయో తెలిస్తే వాటిని ఎంతవరకు నమ్మొచ్చో తెలుస్తుంది. ఫిబ్రవరి 1న బడ్జెట్ పెట్టి, దాని మీద సాధారణ చర్చ అయ్యాక సభలు కొన్ని వారాలు విరామం తీసుకుంటాయి. ఆ విరామంలోనే 24 సంఘాలు తమ తమ శాఖల పద్దులు చూసి ముగించాలి. ఒక్కో సంఘంలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, మొత్తం 31 మంది సభ్యులు. మంత్రులకు చోటు లేదు. ముందు సంఘం తరఫున ప్రశ్నల జాబితా శాఖకు వెళ్తుంది. శాఖ రాసి పంపుతుంది. తర్వాత కార్యదర్శి, ఆర్థిక సలహాదారు వచ్చి సభ్యుల ముందు కూర్చుంటారు. ఇది తలుపులు మూసి జరిగే సమావేశం. కెమెరా ఉండదు కాబట్టి ఉపన్యాసాలు తక్కువ, ఏ పార్టీ సభ్యుడైనా కాస్త నిలదీసి అడుగుతాడు. అక్కడ నోటితో తేల్చలేని ప్రశ్నకు అధికారులు తర్వాత రాతలో జవాబివ్వాలి. ఆ రాతే నివేదికలోకి ఎక్కుతుంది.

ఇక పట్టిక. ప్రతి పథకానికీ మూడు అంకెలు కనిపిస్తాయి: బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏదో పథకానికి ఏడాది మొదట్లో 100 కోట్లు పెట్టారు. మధ్యలో 62 కోట్లకు కోసేశారు. జనవరి నెలాఖరుకు ఖర్చయింది 41 కోట్లు. శాఖ జవాబులో మాత్రం 66 శాతం ఖర్చు చేశాం అని ఉంటుంది. లెక్క తప్పేం కాదు, 62లో 41 అంటే 66 శాతమే. మొదట చెప్పిన 100తో పోలిస్తే అది 41 శాతం. అందుకే శాతం కనబడగానే అది దేనిలో శాతమో చూడాలి. బడ్జెట్ అంచనాతో పోల్చారా, సవరించినదానితోనా? ఆ ఒక్క ప్రశ్నతో సగం వార్త బయటపడుతుంది.

ఆ తర్వాత చూడాల్సింది ఖర్చు ఏ నెలల్లో జరిగిందన్నది. చివరి మూడు నెలల్లో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం మించి ఖర్చు పెట్టకూడదని ఆర్థిక శాఖ నియమం. జనవరి నెలాఖరుకు సగం కూడా దాటని పథకం ఈ నియమం లోపల మిగతాది ఖర్చు చేయలేదు. మిగిలింది సరెండర్ అవుతుంది, అంటే ఆర్థిక శాఖకు వెనక్కి పోతుంది. సంఘం కారణం అడిగితే వచ్చే జవాబుల్లో ఒకటి ఎప్పుడూ ఉండేదే: రాష్ట్రాల నుంచి వినియోగ ధ్రువపత్రాలు రాలేదు అని. దీన్ని సాకు అని కొట్టిపారేయకూడదు. 2021లో తెచ్చిన పద్ధతిలో కేంద్ర ప్రాయోజిత పథకాల (కేంద్రం, రాష్ట్రం కలిసి ఖర్చు భరించేవి) డబ్బు ఒక్కో పథకానికి రాష్ట్రంలో ఒకే నోడల్ ఏజెన్సీ, అంటే ఆ పథకం డబ్బు చూసే సంస్థ, ఖాతాలోకి వెళ్తుంది. ఒక్కోసారి 25 శాతం మించి విడుదల చేయరు. ముందిచ్చినదాంట్లో కేంద్రం వాటా, రాష్ట్రం వాటా కలిపి కనీసం 75 శాతం ఖర్చయితేగానీ తర్వాతి విడత రాదు. రాష్ట్రం తన వాటా జమ చేయడంలో ఆలస్యం చేస్తే కేంద్రం డబ్బూ ఆగిపోతుంది. చిత్తూరు జిల్లాలో ఏదో పని నిలిచిపోయిందంటే కేంద్రం ఇవ్వలేదనీ, రాష్ట్రం వాడలేదనీ రెండు వైపులా మాటలు వినిపిస్తాయి. నిజం ఎక్కువసార్లు ఈ 25, 75ల మధ్యే ఇరుక్కుని ఉంటుంది.

నివేదిక ఒక్కటే చదివితే చాలదు. పక్కన ఆ శాఖ వివరణాత్మక పద్దుల పుస్తకం తెరిచి పెట్టుకోవాలి. అది శాఖ వెబ్‌సైట్లో ఉంటుంది. అందులో ప్రతి ఖర్చుకూ 15 అంకెల కోడ్ ఉంటుంది. మొదటి 4 మేజర్ హెడ్, తర్వాత 2 సబ్ మేజర్, 3 మైనర్, ఆ పైన రెండేసి చొప్పున సబ్ హెడ్, డిటెయిల్డ్ హెడ్, ఆబ్జెక్ట్ హెడ్. 2202-03-102 అని ఉంటే సాధారణ విద్య, అందులో విశ్వవిద్యాలయ విద్య, అందులో విశ్వవిద్యాలయాలకు సాయం. మేజర్ హెడ్ తొలి అంకె 2 లేదా 3 అయితే రెవెన్యూ ఖర్చు (జీతాలు, నిర్వహణ లాంటివి), 4 లేదా 5 అయితే మూలధన ఖర్చు (భవనాలు, ఆస్తులు లాంటివి). అయితే క్యాంపస్‌ల దగ్గర ఈ సూత్రం మోసం చేస్తుంది. స్వయంప్రతిపత్తి సంస్థలకు ఇచ్చేది భవనాల కోసమైనా గ్రాంటు కిందే పోతుంది కాబట్టి రెవెన్యూలోనే కనిపిస్తుంది. అప్పుడు చివరి రెండంకెలు చూడాలి. 36 అంటే జీతాలకు, 31 అంటే సాధారణ నిర్వహణకు, 35 అంటే ఆస్తుల సృష్టికి, అంటే గోడలు, ల్యాబులు, హాస్టళ్లకు. గ్రాంటు పెరిగిందని సంబరపడే ముందు పెరిగింది 36లోనా, 35లోనా అన్నది తేల్చుకోవాలి. జీతాలు పెరిగినంత మాత్రాన కొత్త హాస్టల్ లేవదు.

ఏర్పేడు విషయంలో ఇంకో చిక్కుంది. ఐఐటీ, ఐసర్ రెండూ 2015లోనే మొదలయ్యాయి, రెండూ ఉన్నత విద్యా శాఖ పద్దులోనే ఉన్నాయి. కానీ వ్యయ బడ్జెట్లో దేశంలోని ఐఐటీలన్నీ ఒక వరుస, ఐసర్లన్నీ ఇంకో వరుస. తిరుపతి అని వెతికితే దొరకదు. 2025 మేలో కేంద్ర మంత్రివర్గం తిరుపతితోపాటు పాలక్కాడ్, భిలాయ్, జమ్మూ, ధార్వాడ్ ఐఐటీల విస్తరణకు నాలుగేళ్లలో ₹11,828.79 కోట్లు ఆమోదించింది. ఇది ఐదింటికీ కలిపిన అంకె. దాన్ని ఐదుతో భాగించి తిరుపతి వాటా ఇంత అని రాసేయడం పొరపాటు. సంఘం నివేదికలో శాఖ ఇచ్చే సంస్థలవారీ పట్టికలు, అనుబంధాలు వెతకడమే దారి. విద్యా సంఘం రాజ్యసభ సచివాలయం చూసే ఎనిమిదింటిలో ఒకటి కాబట్టి దాని నివేదికలో సిఫార్సులు అధ్యాయాల మధ్యలోనే వస్తాయి, చివర మళ్లీ ఒకచోట పేరుస్తారు. రైల్వే సంఘం లోక్‌సభది, అందులో సిఫార్సులు రెండో భాగంలో విడిగా ఉంటాయి. మొదటి భాగం చాలు, రెండోది తిరగేస్తే సరిపోతుంది.

రైల్వే నివేదిక మాత్రం మనవైపు వాళ్లను ఉసూరుమనిపిస్తుంది. తిరుపతి-పాకాల-కాట్పాడి డబ్లింగ్ (ఒంటి లైను పక్కన రెండో లైను వేయడం), 104 కిలోమీటర్లు, ₹1,332 కోట్లకు 2025 ఏప్రిల్లో ఆమోదం వచ్చింది. చిత్తూరు మీదుగా పోయే మార్గం ఇదే కాబట్టి ఈ ఏడాది ఎంత కేటాయించారని అందరూ అడుగుతారు. సంఘం నివేదికలో దొరికేది దేశం మొత్తానికి డబ్లింగ్‌కి ఎంత అన్న అంకె మాత్రమే. 2017లో రైల్వే బడ్జెట్‌ను సాధారణ బడ్జెట్లో కలిపేశాక రైల్వేకంతటికీ ఒకే పద్దు మిగిలింది. పని వారీ కేటాయింపు కావాలంటే రైల్వే వెబ్‌సైట్లో జోన్ల వారీగా పెట్టే పింక్ బుక్ తెరవాలి. అందులో డబ్లింగ్ ప్లాన్ హెడ్ 15, కొత్త లైన్లు 11, ప్రయాణికుల సౌకర్యాలు 53. ప్లాట్‌ఫాం షెల్టర్ డబ్బు 53లో ఉంటే దాన్ని 15లో వెతికి రైల్వే ఏమీ ఇవ్వలేదని రాసిన సందర్భాలు తక్కువేం కాదు. ఆమోదించిన మొత్తం వేరు, ఈ ఏడాది కేటాయింపు వేరు, నిజంగా పెట్టిన ఖర్చు వేరు. మూడూ ఒకే వాక్యంలో కలిపేస్తే లెక్క చెడుతుంది.

టీటీడీ డబ్బు కూడా ఇక్కడే దొరుకుతుందని వెతికేవాళ్లుంటారు. దొరకదు. 2025-26 టీటీడీ బడ్జెట్ ₹5,258 కోట్లు, అది ధర్మకర్తల మండలి ఆమోదించేది. పార్లమెంటు పద్దులకూ దానికీ సంబంధం లేదు.

ఇప్పుడు పోయిన రెండు మార్కుల సంగతి. మొదటిది వేళ. బడ్జెట్ ప్రణాళిక అంతా ముందు ఏడాది శరదృతువులో, శాఖలకూ ఆర్థిక శాఖకూ మధ్య బేరసారాల్లో తేలిపోతుంది. సంఘం చేతికొచ్చేసరికి అంకెలు అచ్చయి ఉంటాయి. పద్దు తగ్గించమనే కోత తీర్మానం లాంటిదేదీ నివేదికలో సూచించకూడదని నిబంధనే ఉంది. ఏడాది మధ్యలో అదనంగా అడిగే అనుబంధ పద్దులు సంఘాలకు వెళ్లనే వెళ్లవు. ఎన్నికల ఏడాది అయితే ఇంకా అన్యాయం. 2024లో పూర్తి బడ్జెట్ జులై 23న వచ్చింది, సంఘాలు ఏర్పడింది సెప్టెంబరు చివర్లో. 2024-25 పద్దుల మీద చాలా నివేదికలు డిసెంబరులో వచ్చాయి. అప్పటికే డబ్బు మంజూరై ఖర్చవుతోంది. పెళ్లయిపోయాక ముహూర్తం బాగుందా అని చూసినట్టు. వేళకు వచ్చినా సభలో చర్చ జరుగుతుందన్న హామీ లేదు. 2018లోనూ 2023లోనూ లోక్‌సభలో ఏ ఒక్క శాఖ పద్దూ చర్చకు రాలేదు. అన్నిటినీ కలిపి గిలటిన్‌తో, అంటే చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెట్టి, ఆమోదించేశారు.

రెండో మార్కు భాషకు పోయింది. నివేదికలు ఇంగ్లిష్‌లో, హిందీలో మాత్రమే. సన్సద్ సైటులో వెతుకులాట కూడా చాకిరీయే. సంఘం పేరు, లోక్‌సభ సంఖ్య ఎంచుకుని జాబితా కిందికి దిగాలి. పాత నివేదికల్లో కొన్ని స్కాన్ చేసిన బొమ్మలు కాబట్టి వాటిలో పదం కొట్టి వెతకడం కుదరదు.

ఇదే పని చేసే ఇంకో సరుకు అంచనాల సంఘం. 30 మందీ లోక్‌సభ వాళ్లే. మార్చి గడువు లేదు కాబట్టి ఏదో ఒక అంశాన్ని పట్టుకుని ఏడాదంతా తవ్వుతుంది. నివేదిక లోతుగా ఉంటుంది, కాకపోతే మనక్కావలసిన శాఖ వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం. 1950లో పెట్టిన ఈ సంఘానికి తొలి రోజుల్లో అధ్యక్షత వహించింది తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారే. తర్వాత ఆయన లోక్‌సభ స్పీకరయ్యారు. ఖర్చయ్యాక లెక్కలు అడిగేది ప్రజాపద్దుల సంఘం, కాగ్ నివేదిక ఆధారంగా. ఐఐటీ గోడలు లేవకముందే ప్రశ్న అడగాలనుకునేవాళ్లకు అది ఆలస్యం.

స్థాయీ సంఘం నివేదికకు ఒక కొనసాగింపు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. సిఫార్సులకు ప్రభుత్వం మూడు నెలల్లో జవాబివ్వాలి. ఆ జవాబులతో సంఘం చర్యల నివేదిక అని ఇంకోటి తెస్తుంది. ఐదు అధ్యాయాలు. రెండో అధ్యాయంలో ప్రభుత్వం ఒప్పుకున్నవి, మూడులో సంఘం ఇక వదిలేసినవి, ఐదులో ఇంకా తుది జవాబు రానివి. నాలుగో అధ్యాయంలో ప్రభుత్వం జవాబిచ్చినా సంఘం ఒప్పుకోనివి. గొడవ ఎక్కడుందో ఆ నాలుగే చెబుతుంది. మొదటి అధ్యాయంలో దాని మీద సంఘం ఘాటు వ్యాఖ్య ఉంటుంది. రెండో అధ్యాయం లావుగా ఉందని మురిసిపోనక్కర్లేదు. గమనించాం, చర్యలు తీసుకుంటున్నాం అనే జవాబులు కూడా ఒప్పుకున్నవాటి కిందే పడతాయి.

బాలాజీ కాలనీలో జిరాక్స్ షాపుకి పట్టుకెళ్లేవాళ్లు మొత్తం నివేదిక ప్రింటు తీయించక్కర్లేదు. సభ్యుల జాబితా, ముందుమాట, చివరి సమావేశాల మినిట్స్ పక్కన పెట్టి, కావలసిన పథకం ఉన్న అధ్యాయం, అనుబంధ పట్టికలు, కిందటేటి చర్యల నివేదికలో ఒకటి, నాలుగు అధ్యాయాలు తీయించుకుంటే చాలు. పట్టికలు అడ్డంగా ఉంటాయి, నిలువు పేజీలో కుదిస్తే అంకెలు చీమల్లా అయిపోతాయి. వాటిని మాత్రం ల్యాండ్‌స్కేప్‌లో పెట్టమని ముందే చెప్పాలి.