ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్: మూడు రోజుల సెలవుకి ఏది మేలు?

ఈస్టర్ దగ్గరపడినా, క్రిస్మస్ దగ్గరపడినా జర్మనీలో ఉండే మనవాళ్ల నుంచి నాకు వచ్చే ప్రశ్న ఒకటే. శుక్రవారం బయల్దేరి సోమవారానికి తిరిగొచ్చేయాలి. ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్‌లలో దేనికి వెళ్లమంటారు? జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ చేతిలో ఉంటే ఈ మూడింటికీ వేరే వీసా అక్కర్లేదు. మూడూ హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల ఏలుబడిలో పెరిగిన ఊళ్లే. కోటలు, చర్చిలు, ట్రామ్‌లు అన్నిచోట్లా ఉన్నాయి. చూడాల్సినవి ఎక్కడ ఎక్కువని లెక్కపెట్టడం మొదలుపెడితే ఎప్పటికీ తేలదు.

నేను చూసేది వేరు: సాయంత్రం ఆరు దాటాక ఆ ఊళ్లో మనకేం మిగులుతుంది? మ్యూజియంలు, ప్యాలెస్‌లు చాలావరకు ఐదు, ఆరు గంటలకే తలుపులు మూసేస్తాయి. శుక్రవారం ఆఫీసు అయ్యాక రైలెక్కితే దిగేసరికి రాత్రే. డిసెంబర్‌లో అయితే నాలుగింటికే చీకటి పడిపోతుంది. చిన్న సెలవులో మన చేతికొచ్చే సమయంలో చాలా భాగం చీకటి పడ్డాకే ఉంటుంది. వారం రోజులు ఉండేవాళ్లకి ఈ లెక్కతో పని లేదు గానీ, మూడు రోజుల వాళ్లకి ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

ఆ లెక్కన నా ఓటు బుడాపెస్ట్‌కి.

బుడాపెస్ట్ అంటే డాన్యూబ్ నదికి ఒక ఒడ్డున పెస్ట్, అవతల కొండల వైపు బుడా. పెస్ట్‌లో రెండో నంబరు మెట్రో ఎక్కి నది కిందుగా బుడా వైపుకి దాటి బత్యానీ టేర్ స్టేషన్‌లో దిగి, ఒడ్డుకి వచ్చి నిలబడండి. ఎదురుగా డాన్యూబ్ అవతల పార్లమెంట్ భవనం. సూర్యాస్తమయానికి కాస్త ముందే చేరుకోవాలి, వెలుగు మారే ఆ కాసేపే అసలు చూడాల్సింది. మొదట రాయి పాలిపోయినట్టు ఉంటుంది. ఆకాశంలో నీలం చిక్కబడుతుండగా దీపాలు పడతాయి, నెమ్మదిగా గోడలన్నీ తేనె రంగుకి తిరుగుతాయి. గోపురం నీడ నీళ్లలో పొడుగ్గా సాగి, పడవ వెళ్లినప్పుడల్లా చెదిరి మళ్లీ కుదురుకుంటుంది. ఆ గోపురం ఎత్తు 96 మీటర్లు. తమ పూర్వీకులైన మజ్యార్ తెగలు 896లో ఈ నేలకి వచ్చాయని హంగేరీవాళ్లు లెక్క కడతారు, దానికి గుర్తుగా పెట్టిన ఎత్తు అది. సెయింట్ స్టీఫెన్ బసిలికాదీ అదే ఎత్తు. ఒడ్డు నుంచి చూసే ఈ దృశ్యానికి టికెట్ లేదు, క్యూ లేదు, మూసే వేళ లేదు.

అక్కడి నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ వెనక్కి వస్తే పార్లమెంట్ పక్కనే పైకి తేలతారు. ఒడ్డు వెంబడి చెయిన్ బ్రిడ్జి వైపు నడుస్తుంటే, నీళ్ల అంచున వరసగా ఇనుముతో పోసిన 60 జతల చెప్పులు, బూట్లు కనిపిస్తాయి. 1944-45 చలికాలంలో ఏరో క్రాస్ అనే హంగేరీ ఫాసిస్టు పార్టీ మూకలు యూదులను డాన్యూబ్ ఒడ్డున నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలో పడేశాయి. వాళ్ల గుర్తుగా 2005లో పెట్టిన స్మారకం ఇది. పిల్లల బూట్లు కూడా ఉన్నాయి. దయచేసి వాటి పక్కన కూర్చుని ఫొటోలు దిగకండి.

చెయిన్ బ్రిడ్జి 1849 నాటిది. 1945లో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం ఊళ్లోని వంతెనలన్నీ పేల్చేసినప్పుడు ఇదీ కూలింది. 1949లో మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు దీని మీద సొంత కార్లకు అనుమతి లేదు కాబట్టి రాత్రి పూట ప్రశాంతంగా నడిచి దాటొచ్చు. ఓపిక ఉంటే బుడా కొండ మీద ఫిషర్‌మన్స్ బాస్టియన్ అనే బురుజు దాకా వెళ్లండి, కింది వరస అరుగుల మీదికి రాత్రయినా ఉచితంగానే వెళ్లొచ్చు. నడవలేనివాళ్లు కొండ మీదికి 16 నంబరు బస్సులో వెళ్లి, తర్వాత పెస్ట్ ఒడ్డున 2 నంబరు ట్రామ్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు, సగం ఊరు దీపాల్లో చూసేస్తారు.

ఇంకో సాయంత్రం సేచేన్యి స్నానాల ఇంటికి. 1913 నాటి పసుపు రంగు భవనం, మధ్యలో ఆరుబయట వేడినీటి కొలను. చలికాలంలో తల మీద మంచు రాలుతున్నా మెడ దాకా నీళ్లు 38 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆవిరి మధ్య ముసలాళ్లు నీళ్లలోనే నిలబడి చదరంగం ఆడుతుంటారు. వెళ్లే దారి కూడా చూడాల్సిందే: 1896లో తెరిచిన ఒకటో నంబరు మెట్రో, యూరప్ ప్రధాన భూభాగంలో మొదటిది. చెప్పులు, టవల్ మీవే తీసుకెళ్లండి.

ప్రాగ్ సంగతి. అందంలో దేనికీ తీసిపోదు, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. నాలుగో చార్ల్స్ 1357లో మొదలుపెట్టించిన రాతి వంతెన, 1410 నాటి ఖగోళ గడియారం, 1344లో పునాది వేసి 1929లో గానీ పూర్తి చేయలేకపోయిన సెయింట్ వైటస్ కెథెడ్రల్, అన్నీ నడిచి తిరిగేంత దగ్గర్లో ఉన్నాయి. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. పాత ఊరి చౌక్ నుంచి ఇరుకు సందుల్లోంచి వంతెన మీదుగా కోట దాకా అంతా ఒకే దారి, వచ్చినవాళ్లంతా ఆ దారిలోనే ఉంటారు. వేసవి సాయంత్రాల్లో చార్ల్స్ బ్రిడ్జి మీద విగ్రహాల కన్నా ముందు సెల్ఫీ స్టిక్‌లే కనిపిస్తాయి. ప్రాగ్ తెల్లవారుజాము ఊరు. ఐదున్నరకి లేవగలిగితే 30 విగ్రహాలూ మీవే. లేవలేం అంటే రాత్రి కోట పైకి వెళ్లండి: ఆవరణలు పదింటి దాకా తెరిచే ఉంటాయి, అప్పటికి గుంపులు కిందికి దిగిపోతాయి. 22 నంబరు ట్రామ్ కోట దగ్గరే దింపుతుంది, దిగేటప్పుడు నడవండి. ఒక జాగ్రత్త: యూదుల మ్యూజియం, పాత శ్మశానం శనివారం మూసేస్తారు. బుడాపెస్ట్‌లో దోహాన్ వీధి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) కూడా అంతే. వీకెండ్ ప్లాన్‌లో వాటిని ఆదివారానికి పెట్టుకోవాలి.

డ్రెస్డెన్‌లోనో బెర్లిన్‌లోనో ఉన్నవాళ్లు మాత్రం నా ఓటు సంగతి మరిచిపోయి ప్రాగ్‌కే వెళ్లండి. డ్రెస్డెన్ నుంచి రైల్లో రెండున్నర గంటల లోపే. బుడాపెస్ట్‌కి రైలంటే రోజంతా పోతుంది, విమానమో రాత్రి రైలో ఉంటేనే లాభం.

వియన్నా పగటి ఊరు. కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో బ్రూగెల్ చిత్రాలున్న గది ఒక్కటి చాలు ఆ ఊరు వెళ్లడానికి. ఆయన చిత్రాలు ఇన్ని ఒకచోట ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. ‘బేబెల్ గోపురం’ ముందు నిలబడి దగ్గరగా చూస్తే రాళ్లు చెక్కేవాళ్లు, బరువులెత్తే చక్రంలో నడిచేవాళ్లు ఒక్కొక్కరుగా బయటపడుతుంటారు. గురువారం తొమ్మిదింటి దాకా తెరుస్తారు గానీ వీకెండ్ వాళ్లకి అది అందదు. శుక్రవారం వచ్చేవాళ్లకి ఆల్బర్టీనా ఉంది, అదీ తొమ్మిదింటి దాకే. చీకటి పడ్డాక వియన్నాలో నిజంగా విలువైనది స్టేట్ ఒపెరా. నాలుగు వందలకు పైగా నిలబడి చూసే చోట్లున్నాయి, అవి బాగా చవక. చోటు దొరగ్గానే రెయిలింగ్‌కి స్కార్ఫ్ కట్టేసి బయటికెళ్లి టీ తాగి రావచ్చు, ఎవరూ ముట్టుకోరు. జూలై, ఆగస్టుల్లో మాత్రం సీజన్ ఉండదు. ఒపెరా వద్దనుకుంటే రాత్రి పాత ఊరు హుందాగా, నిశ్శబ్దంగా ఉంటుంది. డాన్యూబ్ పెద్ద పాయ ఊరి నడిబొడ్డుకి దూరంగా వెళ్లిపోతుంది, బుడాపెస్ట్‌లోలాగా కళ్లెదుట పారదు.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే నా లెక్క తిరగేయండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వియన్నాయే: పాత ఊరు దాదాపు చదును, మెట్రోలో లిఫ్టులుంటాయి, షోన్‌బ్రున్ ప్యాలెస్ తోటల్లో టికెట్ లేకుండా ఎంతసేపైనా కూర్చోవచ్చు. ప్రాగ్ గుండ్రాళ్ల వీధులు, బుడాపెస్ట్ మెట్రోలో నిట్టనిలువుగా వేగంగా కదిలే ఎస్కలేటర్లు పెద్దవాళ్లని భయపెడతాయి.

తిండి విషయంలో శాకాహారులకి ప్రాగ్‌లో వేయించిన చీజ్, బుడాపెస్ట్‌లో లాంగోష్ (నూనెలో వేయించిన పిండి రొట్టె మీద వెల్లుల్లి, పుల్లటి మీగడ, చీజ్), వియన్నాలో ఆపిల్ స్ట్రూడెల్ ఉన్నాయి. బీఫ్ తిననివాళ్లు గులాష్ తెప్పించుకునే ముందు అది ఏ మాంసమో అడగండి, మామూలుగా అది బీఫే. ప్రాగ్, బుడాపెస్ట్‌లలో యూరోలు కావు, కొరునాలు, ఫోరింట్‌లు. ఏటీఎం ‘మీ కరెన్సీలోకి మార్చమంటారా’ అని అడిగితే వద్దనే నొక్కండి.

స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా గురించీ అడుగుతుంటారు. వియన్నా నుంచి గంట ప్రయాణం, ఒక పూట చాలు. స్లొవేనియా రాజధాని ల్యుబ్లియానా ముచ్చటైన చిన్న ఊరు, బ్లెడ్ సరస్సుతో కలిపి వెళ్తేనే బాగుంటుంది.

బుడాపెస్ట్ ఖాయం చేసుకున్నవాళ్లు హోటల్‌తో పాటే పార్లమెంట్ లోపలి టూర్ కూడా బుక్ చేసుకోండి, వీకెండ్ స్లాట్లు ముందే అయిపోతాయి. యూరోపియన్ యూనియన్ పౌరులకి టికెట్ తక్కువ, మన పాస్‌పోర్ట్‌కి పూర్తి ధర. అయినా వెళ్లండి: హంగేరీ రాజుల కిరీటం ఆ గోపురం కిందే, కాపలా సైనికుల మధ్య ఉంటుంది. ఆ గదిలో ఫొటోలు తీయనివ్వరు.