అతికించిన అల్లాయ్ వీల్: 33 నెలలు, 41 వేల కిలోమీటర్ల తర్వాత

నా కారుకి ఉన్నవి అల్లాయ్ వీల్స్, అంటే పోత అల్యూమినియం చక్రాలు. వెనక ఎడమ చక్రానికి, లోపలి అంచున వేలెడంత వెల్డింగు అతుకు ఉంది. అది వేయించి 33 నెలలైంది. దాని మీద 41 వేల కిలోమీటర్లు తిరిగాను. నాది మందుల పంపిణీ పని. వారానికి రెండుసార్లు విజయనగరం నుంచి చీపురుపల్లి, రాజాం మీదుగా పాలకొండ వెళ్ళి వస్తాను. వెళ్ళేటప్పుడు వెనక సీటు నిండా అట్టపెట్టెలే ఉంటాయి కాబట్టి ఆ చక్రం బరువు మోయని రోజు తక్కువ.

బీటు పడింది జూలైలో, ఒక వాన సాయంత్రం. గరివిడి దాటాక గొయ్యి నిండా నీళ్ళుండి రోడ్డుతో సమానంగా కనబడింది. ముందు ఎడమ చక్రం దిగింది. పళ్ళు జివ్వుమనేంత చప్పుడు. దిగి చూస్తే టైరు బాగానే ఉంది, బయటి వైపు రిమ్ము మీద గీత కూడా లేదు. హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చాను. రెండు రోజులకి గాలి 33 పాయింట్ల (పీఎస్ఐ) నుంచి 24కి పడిపోయింది. పంక్చర్ షాపు కుర్రాడు చక్రాన్ని నీళ్ళ తొట్టిలో తిప్పి తిప్పి చూశాడు. టైరు మీద ఒక్క బుడగ లేదు. లోపలి అంచు దగ్గర మాత్రం ఆవగింజల్లాంటి బుడగలు వరసగా లేచాయి.

అల్లాయ్ వీల్ లోపలి అంచునే ఎందుకు పగులుతుందో తర్వాత అర్థమైంది. బయటి అంచుకి దగ్గర్లో స్పోకులుంటాయి, దెబ్బ తగిలితే కాస్తాయి. లోపలి అంచు గిన్నె మూతిలాగా ఆసరా లేకుండా ఉంటుంది. ఇనుప రిమ్ము అయితే సొట్టపోయి ఊరుకుంటుంది. పోత అల్యూమినియం అంత వంగదు, పగులుతుంది.

కంపెనీ రిమ్ము కొత్తది 9,500 అన్నారు, అదీ మూడు వారాలు ఆగితే. పాత రిమ్ము కొందామంటే అది ఎన్ని గోతులు చూసిందో ఎవరికి తెలుసు? అందుకని తొందరలో, దారిలో కనబడిన ఒక షాపులో 700 ఇచ్చి వెల్డింగు పెట్టించేశాను. తప్పు చేశాను. పెయింటు పూర్తిగా తీయలేదు, పగులు ఎక్కడిదాకా పాకిందో చూడలేదు. పైపైన గ్రైండరు ఆడించి మసి రంగులో ఒక వెల్డింగు కట్ట పోసి, లోపల లీకు ఆపే ద్రావణం వేసి పంపేశారు. నవంబరులో మళ్ళీ గాలి దిగడం మొదలైంది. టైరు ఊడదీయిస్తే ఆ కట్టకి రెండు కొసల్లోనూ వెంట్రుకంత గీతలు చెరో సెంటీమీటరు సాగి ఉన్నాయి. నాలుగు నెలలు పిల్లల్ని కూడా ఎక్కించుకుని దీని మీదే తిరిగానని గుర్తొస్తే ఒళ్ళు చల్లబడింది.

రెండోసారి ఒక లారీ ఓనరు చెబితే, విజయనగరంలోనే ఒక పెద్దాయన దగ్గరకి వెళ్ళాను. చాలా ఏళ్ళు గల్ఫ్‌లో ఆర్గాన్ గ్యాసుతో చేసే వెల్డింగు చేసి వచ్చిన మనిషి. చక్రం చేతిలోకి తీసుకుని ఆయన అడిగిన మొదటి మాట: "స్పోకుల దగ్గరేటైనా బీటుందా బాబూ? నట్లు బిగించే సోట? ఉంటే సెప్పీ, నాను ముట్టుకోను."

లేదన్నాను. నా మాట నమ్మలేదు, తనే చూసుకున్నాడు. ఎర్రటి ద్రవం ఒకటి స్ప్రే చేసి పదిహేను నిమిషాలు వదిలేశాడు. తర్వాత గుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన తెల్లటి పొడి స్ప్రే చేశాడు. చూస్తూ ఉండగానే సున్నం కొట్టిన గోడ మీద కుంకుమ గీత గీసినట్టు పగులు పైకి తేలింది. కంటికి నాలుగు సెంటీమీటర్లు కనబడింది కాస్తా ఆరుంది. పాత కట్ట మీద నాలుగైదు కుంకుమ చుక్కలు కూడా లేచాయి. అవన్నీ సూది బెజ్జాలట. స్పోకుల దగ్గర మాత్రం తెలుపు తెలుపుగానే ఉంది. అప్పుడు ఒప్పుకున్నాడు.

వెల్డింగు పట్టుమని పది నిమిషాలు. దానికి ముందు పని మూడు గంటలు. పాత కట్ట మొత్తం గ్రైండింగు చేసి తీసేశాడు. పగులు రెండు కొసల్లోనూ మూడు మిల్లీమీటర్ల బెజ్జం వేశాడు. గీత అక్కడే ఆగాలి, ఇంక పాకకూడదు. పగులు వెంబడి నాగటి చాలులా లోతుగా చెక్కి, ఎసిటోనుతో తుడిచి, స్టీలు బ్రష్షుతో రుద్దాడు. ఆ బ్రష్షు అల్యూమినియానికి తప్ప ఇనుముకి వాడనని, ఇంకెవరి చేతికీ ఇవ్వనని చెప్పాడు. తర్వాత ఆ భాగాన్ని టార్చితో వేడి చేసి, నీటి చుక్క వేసి చూశాడు. చుయ్యిమని ఆవిరైపోయాకే వెల్డింగు మొదలుపెట్టాడు. తడి ఉంటే అందులోని హైడ్రోజన్ కరిగిన లోహంలోకి చేరి, గడ్డకట్టేటప్పుడు బుడగలై మిగిలిపోతుంది. మొదటి అతుకు జల్లెడ కావడానికి అదీ ఒక కారణమే.

"అంత రుద్దుడు ఎందుకు బాబాయ్?" అని అడిగాను.

"దీని పైన పొర ఒకటుంటాది బాబూ. అది కరగాలంటే రెండు వేల డిగ్రీలు దాటాల. లోపల లోహం ఆరొందలు దాటితే సాలు, నీరైపోద్ది. తోలు ఉడక్కముందే కండ జారిపోయినట్టన్నమాట. అందుకే ముందు తోలు తియ్యాల."

ఐదు శాతం సిలికాన్ ఉన్న 4043 ఫిల్లర్ రాడ్డుతో (అతుకులో కరిగించి నింపే అల్యూమినియం కడ్డీ) లోపలా బయటా రెండు వైపులా పోశాడు. నీళ్ళు పోసి చల్లార్చలేదు, గాలి తగలని మూల పెట్టి తనంతట తాను ఆరనిచ్చాడు. టైరు కూర్చునే చోటు నునుపు చేసి, మళ్ళీ ఎరుపు, మళ్ళీ తెలుపు. ఈసారి ఏమీ తేలలేదు. బ్యాలెన్సింగుకి ఇదివరకు 25 గ్రాముల బరువు పట్టే చక్రానికి ఇప్పుడు 40 పట్టింది. మొత్తం 2,200 అయింది. వచ్చేటప్పుడు ఒక షరతు పెట్టాడు: ఈ చక్రం ముందుకి వేయకూడదు, వెనకే ఉండాలి. ఇంజిను బరువు, స్టీరింగు, బ్రేకు భారంలో ఎక్కువ వాటా ముందు చక్రాలదే కదా.

మొదటి నెల చాలా టెన్షన్ పడ్డాను. గాలి చూసే మీటరు సొంతంగా ఒకటి కొనుక్కుని ప్రతి ఆదివారం పొద్దున్న, బండి కదలకముందే నాలుగు చక్రాలూ చూసేవాణ్ణి. ఇప్పటికీ చూస్తున్నాను. నెలకి ఒకటి రెండు పాయింట్లు తగ్గుతుంది, మిగతా మూడింటికీ అంతే. ఆ అతుకులోంచి గాలి పోవడం ఈ 33 నెలల్లో ఒక్కసారీ లేదు.

అయినా అంతా సవ్యంగా సాగిందని చెప్పలేను. 19 వేల కిలోమీటర్ల దగ్గర, రాజాం ఇవతల ఒక చిన్న గొయ్యి. మొదటి దాంతో పోలిస్తే అది దెబ్బే కాదు. కానీ అతుక్కి రెండంగుళాల దూరంలో అంచు లోపలికి వంగింది. అతుకు చెక్కుచెదరలేదు, పక్కనున్న అసలు లోహం వంగింది! పగలలేదు కాబట్టి గాలి పోలేదు, అంతవరకు అదృష్టం. ఎందుకిలా అయిందని అడిగితే పెద్దాయన చెప్పిందిదీ. ఈ చక్రాల్లో ఎక్కువగా వాడే లోహం ఏ356. అల్యూమినియంలో ఏడు శాతం దాకా సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం. పోత పోశాక 540 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, నీళ్ళలో ముంచి, మళ్ళీ 150, 160 డిగ్రీల దగ్గర కాలిస్తే గట్టిపడుతుంది. వెల్డింగు వేడికి ఆ గట్టిదనం అతుకు చుట్టుపక్కల పోతుంది, తనంతట తాను మళ్ళీ రాదు. అంటే అతుకు ఎంత బాగా కుదిరినా దాని పొరుగు మెత్తబడి ఉంటుంది. వెల్డింగు పెట్టించే ముందు ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. సుత్తితో కొట్టి సరిచేయమంటే ఆయన ససేమిరా అన్నాడు. అలాగే వదిలేశాం. 90 దాటితే సీటు కింద చిన్న వణుకు వస్తుంది. నేను 80 దాటను.

26వ నెలలో ఒకసారి గాలి దిగి గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే అతుకు కాదు. గ్రైండింగు చేసిన చోట పెయింటు లేక తెల్లటి బూజులాంటి పొడి పేరుకుని టైరు సరిగ్గా అంటుకోవడం లేదు. గోకి శుభ్రం చేసి పెయింటు వేస్తే సరిపోయింది. ఆ పెయింటు మొదటి రోజే వేయించి ఉండాల్సింది. మా అత్తగారి ఊరు శ్రీకూర్మం దగ్గర, సముద్రం గాలి తగిలే చోటు. అక్కడికి నెలకోసారి వెళ్తూ ఉప్పుగాలి సంగతి నాకే తోచకపోవడం నా పొరపాటే.

మీ చక్రం అతికించుకోవచ్చా అంటే, నా లెక్క ఒక్కటే: పగులు గాలి ఉండే వైపు ఉందా, లేదా? లోపలి అంచున ఒకే ఒక్క పగులు ఉంటే, అది మళ్ళీ తెరుచుకున్నప్పుడు చాలావరకు ముందు గాలి దిగుతుంది, మీకు తెలుస్తుంది. స్పోకు, నట్ల చుట్టూ ఉండే భాగం అలా కాదు. అక్కడ గాలి ఉండదు. అతుకు లోపల పగులు ఎంత పాకినా చక్రం నోరెత్తదు, విరిగినప్పుడే తెలుస్తుంది. ఎంత మంచి పనివాడైనా సరే, అక్కడ వెల్డింగు పెట్టించకండి, దయచేసి. రెండు మూడు చోట్ల పగిలినా అంతే. ఎర్ర ద్రవం పరీక్ష చేయని చోట కూడా పని చేయించకండి. గాలి వారం వారం చూసుకునే ఓపిక లేని వాళ్ళకైతే అసలు అతుకే వద్దు, కొత్తది కొనుక్కోవడం మేలు.

పోయిన నెల టైర్లు మార్చాను. రిమ్ము ఖాళీగా దొరికే రోజు మళ్ళీ అప్పుడే కదా అని నేరుగా పెద్దాయన దగ్గరకి పట్టుకెళ్ళాను. ఎరుపు, తుడుపు, తెలుపు. ఇద్దరం వంగి చూస్తూ కూర్చున్నాం. అతుకు మీద ఏమీ లేదు, బెజ్జాలు వేసి పూడ్చిన చోట్లా లేదు, వంగిన అంచు దగ్గరా లేదు. ఆయన పొడి తుడిచేసి చక్రం నా చేతికిచ్చాడు.

"తిరుగు బాబూ. కానీ ఇది ఇప్పటికే రెండుసార్లు మంట సూసింది. మల్లీ పగిల్తే నా దగ్గరికి తేకు, నానతకను."

సరేనన్నాను. ఇంటికి రాగానే కొత్త రిమ్ముకి ఆర్డరు పెట్టాను. అది వచ్చాక దీన్ని స్టెప్నీకి మారుస్తాను.