తైనాన్‌లో మూడు రోజులు: పరాయి భాషలో రాసిన రచయితల ఊళ్లో

తైవాన్ రాజధాని తైపే నుంచి దక్షిణాన ఉన్న తైనాన్ నగరానికి హైస్పీడ్ రైల్లో రెండు గంటలైనా పట్టదు. అయితే ఆ స్టేషన్ ఊరికి బాగా దూరం. పక్కనే ఉన్న షాలున్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కితే అరగంటలోపే నగరం నడిబొడ్డున దింపుతుంది. ఇది తెలియక నేను టాక్సీకి అనవసరంగా ఖర్చు పెట్టాను.

తైవాన్‌ను జపాన్ 1895 నుంచి 1945 దాకా ఏలింది. ఆ కాలంలో బడికి వెళ్లిన పిల్లలకు జపనీసే ‘జాతీయ భాష’. వాళ్లలో కొందరు పెద్దయ్యాక అదే భాషలో ఆ పాలనను నిలదీశారు. వాళ్లు తిరిగిన చోట్లు చూడాలనే వెళ్లాను.

మొదటి రాత్రి దిగిన హోటల్ గదికి కిటికీ తెరిస్తే ఎదురింటి గోడే. మర్నాడే కన్ఫ్యూషియస్ ఆలయం దగ్గర ఒక సందులోని చిన్న బసకు మారాను. అక్కడి నుంచి అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. భోజనానికి ఇబ్బంది పడలేదు. బౌద్ధుల శాకాహార హోటళ్లు చాలా ఉన్నాయి, వాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.

జాతీయ తైవాన్ సాహిత్య మ్యూజియం 1916లో జపాన్ ప్రభుత్వం కట్టిన పరిపాలనా భవనంలో ఉంది. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. హుకుములు జారీ అయిన గోడల మధ్యే ఇప్పుడు ఆ హుకుముల కింద నలిగిన వాళ్ల రాతలు ఉన్నాయి. లోపలికి వెళ్తే పాత ఎర్ర ఇటుక గోడ కొత్త కట్టడం నడుమ అలాగే కనిపిస్తుంది. దాని మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. 1937లో జపాన్ పాలకులు వార్తాపత్రికల్లో చైనీస్ పేజీలు తీసేయించారు. జపాన్ వెళ్లిపోయాక 1946లో చైనా నుంచి వచ్చిన కొత్త ప్రభుత్వం జపనీస్ పేజీలు తీసేయించింది. పదేళ్లలోపే ఒక తరం రచయితల చేతిలోంచి రెండుసార్లు భాష జారిపోయింది. ఆ తారీఖులు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు గొంతు పూడుకుపోయింది.

దగ్గరలోనే 1932 నాటి హయాషి డిపార్ట్‌మెంట్ స్టోర్. కింది అంతస్తుల్లో కానుకల దుకాణాలే, వాటికోసం ఆగనక్కర్లేదు. నేరుగా మేడ మీదికి వెళ్లండి. అక్కడ కట్టిన జపనీయుల షింటో మతపు మందిరం అవశేషాలు, యుద్ధకాలపు అమెరికా విమానదాడి మచ్చలు ఒకేచోట ఉన్నాయి.

నన్ను పూర్తిగా పట్టుకున్నది షిన్హువా. తైనాన్ నుంచి బస్సులో గంటలోపు ప్రయాణం. రచయిత యాంగ్ కుయ్ పుట్టిన ఊరు, ఆయన పేరిట చిన్న స్మారక మందిరం ఉంది. 1915లో జపాన్ పాలన మీద జరిగిన తపాని తిరుగుబాటును అణచడానికి జపాన్ సైన్యం ఫిరంగులతో ఈ ఊరి మీదుగానే వెళ్లింది. తొమ్మిదేళ్ల యాంగ్ తలుపు సందులోంచి ఆ ఫిరంగులను చూశాడు. పాత వీధిలో ఒక మూసిన చెక్క తలుపు ముందు ఆగి, లోపలి నుంచి ఒక పిల్లవాడి కన్ను రోడ్డుకేసి చూస్తున్నట్టు ఊహించుకున్నాను.

ఆ పిల్లవాడే తర్వాత టోక్యో వెళ్లి, కూలి పనులు చేసుకుంటూ చదువుకుని, పేపర్ వేసే కుర్రాడి కథను జపనీస్‌లో రాశాడు. తైవాన్‌లో రెండో భాగం అచ్చు కాకుండా ఆపేశారు. 1934లో టోక్యో పత్రిక ఒకటి దానికి రెండో బహుమతి ఇచ్చింది, మొదటి బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. కథలో ఊళ్లోని భూమిని చక్కెర కంపెనీ లాక్కుంటుంది, టోక్యోలో పేపర్ ఏజెంటు కష్టం దోచుకుంటాడు. కానీ కుర్రాడికి తోడు నిలిచేది కూడా జపాన్ కూలీలే. సామ్రాజ్యం మీద కోపం ఆ దేశపు మనుషుల మీద ద్వేషంగా మారనివ్వలేదు, అందుకే నాకు యాంగ్ అంత ఇష్టం. 1949లో శాంతి కోరుతూ చిన్న ప్రకటన రాసినందుకు కొత్త ప్రభుత్వం ఆయన్ను పన్నెండేళ్లు జైల్లో పెట్టింది.

ఆయన కథలు ఇంగ్లిష్ అనువాదంలోనైనా చదివి వెళ్లండి. నేను షిన్హువాకు ఒక్క మధ్యాహ్నమే కేటాయించి పొరపాటు చేశాను. ఈసారి వెళ్తే పొద్దున్నే మొదటి బస్సు ఎక్కుతాను.