దయ్యాన్ని మనిషిని చేసీకండి బాబూ: పారానార్మల్ రొమాన్స్ నవలికల మీద నా గొడవ

దయ్యం హీరో, నాగకన్య హీరోయిన్, రాత్రయితే తోడేలైపోయే కుర్రోడు, ఈ టైపు చిన్న ప్రేమ నవలలు ఏళ్ళ తరబడి చదువుతున్నాను. ఇంగ్లీషువి కొన్ని, ఫోన్లో దొరికే తెలుగువి కొన్ని. ఏది టాప్, ఏది ఫ్లాప్ అని లిస్టు ఇవ్వను, అలాంటివి ఎక్కడ చూసినా ఉన్నాయి. నాకున్నది ఒక్కటే గొడవ, ఆఖరి చాప్టర్. ఆ ఒక్క చాప్టరుతో ఎన్ని మంచి కథలు తగలబెట్టేసారో తలుచుకుంటే ఒళ్ళు మండుతాది.

నేను చదివే పద్ధతి చెప్తే నా మాట ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలో మీకే తెలుస్తాది. బరంపురంలో మందుల షాపులో నైట్ డ్యూటీ నాది. పన్నెండు దాటేక గిరాకీ పల్చబడిపోతాది, మధ్యలో ఒకరో ఇద్దరో చీటీ పట్టుకుని పరిగెత్తుకుని వస్తారు, వాళ్ళకి మందులిచ్చి బిల్లు కొట్టి మళ్ళీ స్టూలు మీద కూర్చుంటే తెల్లారేదాకా చేతిలో ఫోనే. ఇలాంటివాడికి ఆరొందల పేజీల నవల పనికిరాదు, నాలుగు రోజులు పోయేక తెరిస్తే ఎవడెవడో గుర్తుండదు. నవలికయితే ఒక రాత్రిలో మొదలెట్టి ఆ రాత్రే ముగించీయొచ్చు. హ్యూగో, నెబ్యులా అవార్డులవాళ్ళు 17,500 నుంచి 40,000 పదాల లోపు ఉన్నదాన్ని నవలిక కింద లెక్కేస్తారు. మనకి తెలిసిన లెక్కలో అయితే దగ్గర దగ్గర స్వాతి మంత్లీ అనుబంధ నవల సైజు అనుకోండి. మా అమ్మ ఆ అనుబంధాలు విడదీసి, సూదీ దారంతో కుట్టి, పాత కేలండర్ అట్ట వేసి దాచేది. 1936లో మా గంజాం జిల్లా ఒరిస్సాలో కలిసిపోయినా మా ఇళ్ళల్లో తెలుగు పోలేదు గానీ, చదవడం మాత్రం అమ్మ తరంతో బాగా తగ్గిపోయింది. మా అప్పది, అంటే అక్కది, చదువంతా ఒడియా మీడియమే, తెలుగు గలగలా మాట్లాడుతుంది, అక్షరాలు మాత్రం కూడబలుక్కోవాలి, అందుకని దానికి నచ్చుతాదనుకున్న కథ నేనే ఫోన్లో చదివి రికార్డు చేసి పంపుతాను.

ఏప్పుల్లో వచ్చే ఆడియో సీరియళ్ళు కూడా విన్నాను, అవి నావల్ల కాలేదు. వందల ఎపిసోడ్లు, ప్రతిదాని చివరా తలుపు కిర్రుమనడం, తరవాతది వినాలంటే కాయిన్లు కొనడం. రక్త పిశాచం హీరో కన్నా ఆ ఏప్పే ఎక్కువ పీల్చేసింది నన్ను. ఆ దెబ్బకి నవలిక అంటే ఇంకా ఇష్టం పెరిగింది, ఎలాగున్నా అయిపోతాది కదా.

ఇప్పుడు అసలు గొడవకొస్తాను. ఒక ఇంగ్లీషు నవలిక, పేరెందుకులెండి. సముద్రం ఒడ్డున లైట్‌హౌసు, అందులో వందేళ్ళ కిందట పోయిన కాపలాదారు దయ్యమై ఉంటాడు, రిపేరు పనికి ఒక ఇంజినీరమ్మాయి వస్తుంది. ఇంతవరకు మామూలే. కానీ ఆ రచయిత్రి ఒక నియమం పెట్టింది చూడండి, ఆ దయ్యం బతికున్న మనిషిని ముట్టుకున్న ప్రతిసారీ తన బతుకులోని ఒక జ్ఞాపకం పోతాది. మొదటిసారి ఆ పిల్ల మెట్ల మీంచి జారిపోతుంటే చెయ్యి పట్టుకుంటాడు, మర్నాడు తన పడవ పేరు గుర్తుకురాదు. రెండోసారి వాళ్ళమ్మ పాడే పాట పోతాది, రాగం నోట్లో ఆడుతుంటాది గానీ మాటలుండవు. ఈ సంగతి తెలిసేక ఆ అమ్మాయి చేతులు జేబుల్లో పెట్టుకుని తిరుగుతాది. ఒకే గదిలో ఉంటారు, మధ్యలో కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చుని మాట్లాడుకుంటారు, అతను తనకి మిగిలినవన్నీ ఒక్కొక్కటే చెప్తుంటాడు, ఆమె నోటుబుక్కులో రాసుకుంటుంది, రేపు నీకు గుర్తులేకపోతే నేను చదివి వినిపిస్తాను అంటుంది. ముద్దు లేదు, ఏం లేదు, నాకు మాత్రం చేతుల మీద రోమాలు లేచేయి. షాపు ముందు ఒకాయన నిల్చుని ఓఆర్ఎస్, ఓఆర్ఎస్ అని అరుస్తుంటే వినపడలేదు, చివరికి కౌంటరు మీద నాణెం పెట్టి టకటక కొట్టేడు.

అంత కథని ఆఖరి ఏడెనిమిది పేజీల్లో ఏం చేసిందో తెలుసా. తుఫానొచ్చింది, పిల్ల ఏడ్చింది, కన్నీటి బొట్టు అతని బుగ్గ మీద పడింది, గుండె కొట్టుకోడం మొదలెట్టింది. అయిపోయింది! మనిషైపోయేడు. పోయిన జ్ఞాపకాలన్నీ వడ్డీతో సహా తిరిగొచ్చేసాయి, పడవ పేరు, అమ్మ పాట, అన్నీ. తరవాతి పేజీలో ఇద్దరూ మార్కెట్లో కూరలు కొంటున్నారు. వందేళ్ళ కిందట చచ్చిపోయినోడికి పాస్‌పోర్టు ఎవరిచ్చారు, వయసెంతని రాయించుకున్నాడు, ఆ నోటుబుక్కు ఏమయింది, ఒక్క ముక్క లేదు. ఆ నోటుబుక్కు గురించి నాకిప్పటికీ కోపమే. కన్నీళ్ళతోటే పనైపోయీదయితే మొదటి రోజే ఏడవొచ్చు కదా తల్లీ, మధ్యలో మమ్మల్నెందుకు కూర్చోబెట్టేవు?

ఎందుకిలాగ చేస్తారో ఊహించగలను. రొమాన్స్ అనే సరుకుకి ఒక ఒప్పందం ఉంది, అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం చెప్పే నిర్వచనంలోనే ఉంది, కథకి నడుమ ప్రేమే ఉండాలి, ముగింపు మనసుకి తృప్తినివ్వాలి, ఆశతో ఉండాలి అని. పాఠకులు ఆ భరోసా మీదే డబ్బులు పెడతారు, నేనూ పెడతాను, నాకూ ఏడిపించే ముగింపు అక్కర్లేదు. కానీ తృప్తి అంటే దయ్యానికి ప్రాణం పోసీడం, తోడేలుకి జుత్తు రాలగొట్టీడమేనా? పైన నవలిక సైజుని మెచ్చుకున్నాను కదా, ఆ మెప్పు కొంచెం తగ్గించుకోవాలి. ఆ సైజే వీళ్ళ కొంప ముంచుతున్నట్టుంది. నియమం పెట్టడానికి, ప్రేమ పుట్టడానికి చోటు సరిపోతుంది, ఆ నియమంతోటే ఎలాగ బతకాలో చూపించడానికి పేజీలుండవు, అందుకని ఒక కన్నీటి బొట్టు. ఇంక సిరీసుల్లో మొదటి పుస్తకానికీ రెండోదానికీ మధ్యన 1.5 అని నంబరేసి వదిలేవయితే సగం ప్రేమకథ, సగం తరవాతి పుస్తకానికి పాంప్లెట్టు.

మన పాతవాళ్ళు ఈ విషయంలో ఎంత గట్టిగా ఉండేవారో చూడండి. గంగ శంతనుడికి షరతు పెట్టింది, నేనేం చేసినా అడక్కూడదని. ఎనిమిదో బిడ్డ దగ్గర అడిగేడు, వెళ్ళిపోయింది, అంతే. ఊర్వశీ అంతే, షరతు తప్పగానే మాయం. అయితే శతపథ బ్రాహ్మణమనే వేద గ్రంథంలో ఆ కథ విడిపోవడంతో ఆగదు, గంధర్వులు ఇచ్చిన అగ్నితో యజ్ఞం చేసి ఆవిడ మొగుడు పురూరవుడే గంధర్వుడైపోతాడు. మనిషే అవతలి గట్టుకెళ్ళేడు గానీ ఆవిడని ఇవతలికి లాక్కొచ్చి వంటింట్లో నిలబెట్టలేదు. ఇదీ సుఖాంతమే కదా! ఈ కాలం నవలికల్లో ఆ దారి పట్టింది నాకు ఒక్కటి కూడా తగల్లేదు.

నియమం తప్పకుండా నిలబెట్టింది మాత్రం ఒకటి దొరికింది, అదీ తెలుగులో, ఎవరో కొత్త రచయిత ఫోన్లో భాగాలుగా పెట్టింది, అచ్చుతప్పులు బోలెడు. అసలు ఆశలేం పెట్టుకోకుండా తెరిచేను. తూర్పు కనుమల్లో ఊరు, హీరో అమావాస్యకి పులైపోతాడు. మా పక్క కొండల్లో ఉండే కొందులనే గిరిజనుల్లో మనిషి పులిగా మారతాడన్న నమ్మకం పాతదే, బ్రిటిషు వాళ్ళు కూడా రాసి పెట్టేరు, అందుకని నాకది కొత్తగా అనిపించలేదు. కొత్తగా అనిపించింది ఆ పెళ్ళాం. ఆవిడ మందులూ మాకులూ వెతకదు, గుడి చుట్టూ తిరగదు. అమావాస్య ముందురోజు ఆవుల్ని లోపల కట్టి గడియ వేస్తుంది, పెరటి తలుపు వారగా తీసి ఉంచుతుంది, తిరిగొచ్చేక రెండ్రోజులు అతనికి ఉడికిన తిండి పడదని తెలుసు కాబట్టి అన్నానికి పిలవదు. చివరికీ అతను పులే, ఆవిడ మనిషే, కాపురం సాగుతుంది.

అది నాకంత నచ్చడానికి మా ఊరూ ఒక కారణమేమో, ఒప్పుకుంటాను. బరంపురంలో బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్రకి మొక్కున్నవాళ్ళు బాఘ వేషం, అంటే పులి వేషం వేస్తారు, ఒళ్ళంతా పసుపు రంగు, నల్ల చారలు, తోక. మా వీధిలో ఒకాయన రంగు ఆరేదాకా కాళ్ళూ చేతులూ ఎడంగా పెట్టి స్టూలు మీద కూర్చునుంటే, వాళ్ళావిడ పక్కన నిల్చుని అట్టముక్కతో విసురుతూ, మూతి దగ్గర రంగు పోకుండా స్ట్రాతో నీళ్ళు తాగించేది, మధ్యలో కరెంటు బిల్లు కట్టేవా లేదా అని అడిగేది. పులితో కాపురమంటే నా కళ్ళముందు ఆవిడే ఉంది. ఇలాంటిది చూడనివాళ్ళకి ఆ నవలిక ఉత్త చప్పగా ఉండొచ్చు.

ఇంకో మాట. మంత్రగత్తె హీరోయిన్ కథలు ఇంగ్లీషులో చాలా సరదాగా ఉంటాయంటారు, నేను మాత్రం చదవలేను. గజపతి, రాయగడ వైపు ఒక ఆడమనిషిని డాహాణి, అంటే మంత్రగత్తె అన్నారంటే అది సరదా కాదు, కొట్టి చంపేసిన కేసులున్నాయి, ఒడిశాలో 2013లో దానికోసమే ప్రత్యేకంగా చట్టం తేవాల్సొచ్చింది. చీపురు మీద ఎగిరే అందగత్తె బొమ్మ అట్ట మీద చూడగానే నాకు ఆ పేపరు వార్తలే గుర్తొస్తాయి. పుస్తకాల తప్పు కాదది.

కొనాలా వద్దా అంటే, నాలాగ రాత్రులు మేలుకునే డ్యూటీలుండి, ముక్కలు ముక్కలుగా టైం దొరికేవాళ్ళకి వీటికి మించినవి లేవు. అయితే ఒకేసారి కట్టగా కొనకండి, ఒక రచయితది ఒకటి చదివి ఆఖర్లో ఏం చేస్తారో చూసుకుని మిగతావి కొనండి. పగలు పని చేసి రాత్రి హాయిగా పడుకునేవాళ్ళు తిన్నగా పెద్ద నవలకే వెళ్ళిపోవచ్చు, నియమానికి అక్కడ కాస్త చోటు దొరుకుతుంది. మా అప్పకయితే లైట్‌హౌసు కథ కూడా తెగ నచ్చింది, కన్నీటి బొట్టు దగ్గర తనూ ఏడ్చిందట, నీకేటి నొప్పి, బతికేడు కదా పాపం అంటుంది.

పులి నవలికకి రెండో భాగం వస్తోందట. అందులో కూడా ఆవిడ ఆవుల్ని కట్టీసి గడియ వేస్తే మా అప్పకి చదివి పంపుతాను, పులిని మనిషిని చేసీసేరో, మొదటి భాగం కూడా ఫోన్లోంచి తీసిపారేస్తాను.