కోర్సు ప్లానర్: మొదటి సెమిస్టర్ నుంచి ఆఖరి దాకా వాడాక

డిగ్రీలో ఏ కోర్సు ఏ సెమిస్టర్‌లో తీసుకోవాలో ముందే వేసుకునే ఈ ప్లానర్‌ని నేను వదలకపోవడానికి కారణం ఒక్క ఫీచరే. ఏదైనా కోర్సును పట్టుకుని పక్క సెమిస్టర్‌లోకి లాగితే, దాని వల్ల ఇంకేవేవి వెనక్కి పోతాయో వెంటనే చూపిస్తుంది. లీనియర్ ఆల్జీబ్రా కాస్త కష్టంగా ఉందని వాయిదా వేశామనుకోండి. అది ముందు చదివితేనే తీసుకోగలిగే మెషీన్ లెర్నింగ్ కూడా వెనక్కి జరుగుతుంది, దాని మీద ఆధారపడ్డ ప్రాజెక్టూ వెనక్కి జరుగుతుంది. అందులో ఏడాదికి ఒక్కసారే చెప్పే కోర్సు ఉంటే, ఒక సెమిస్టర్ వాయిదా కాస్తా ఏడాది ఆలస్యమై కూర్చుంటుంది. సిలబస్ పుస్తకం ఎంత తిరగేసినా ఈ సంగతి కంటికి ఆనదు.

లోపల నడిచే లెక్క పాతదే. ఏది ముందు, ఏది తర్వాత అని వరస పెట్టే పద్ధతిని ఆర్థర్ కాన్ 1962లోనే ప్రచురించాడు. దాన్ని మనకు అర్థమయ్యేలా చూపించడమే అసలు కష్టం, ఇది తయారుచేసినవాళ్లు తడబడిందీ అక్కడే. మొదట్లో కోర్సు చుట్టూ ఎర్ర గీత పడేది, పక్కన 'షరతు తీరలేదు' అని ఉండేది. ఏ షరతో చెప్పేది కాదు, రిజిస్ట్రేషన్ ముందు రోజు ఆ గీత చూస్తే టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు. ఇప్పుడు ఏ ప్రీరిక్విజిట్ (ముందుగా చదివి ఉండాల్సిన కోర్సు) లేదో, అందులో పాసైతే చాలో లేక ఫలానా గ్రేడ్ కావాలో రాస్తుంది. ఎరుపు, ఆకుపచ్చలకు తోడు గుర్తులూ పెట్టారు. సమాచారాన్ని రంగు మీదే వదిలేయొద్దని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 1999 నుంచీ చెబుతున్నాయి. ఆ రెండు రంగుల తేడా తెలియని నా రూమ్‌మేట్ ఆ తర్వాతే దీన్ని వాడటం మొదలుపెట్టాడు.

దానంతటదే టైమ్ టేబుల్ వేసే బటన్ గొప్పగా కనిపిస్తుంది గానీ చాలాకాలం దండగే. ఐదు కోర్సులకు తలా నాలుగు సెక్షన్లుంటే (అంటే ఒకే కోర్సును వేర్వేరు వేళల్లో చెప్పే బ్యాచ్‌లు) 1024 రకాలుగా కలపొచ్చు. క్లాష్ అయ్యేవి తీసేసినా చాంతాడంత జాబితా మిగిలేది. నచ్చిన సెక్షన్‌ని లాక్ చేసి మిగతావి మార్చుకునే వీలు వచ్చాకే అది పనికొచ్చింది. అన్‌డూ కూడా అప్పుడే వచ్చింది, అంతవరకు ఎందుకు లేదో వాళ్లకే తెలియాలి. ఫోన్‌లో చూసుకోవడానికి బాగుంటుంది, మార్పులు మాత్రం ల్యాప్‌టాప్‌లోనే చేయండి.

ఇప్పటికీ నచ్చనివి రెండు. ఖరారైన ఈ సెమిస్టర్ కోర్సులూ, వచ్చే ఏడాది ఉంటాయో లేదో తెలియని కోర్సులూ ఒకేలా కనిపిస్తాయి. తెలియనివాటిని తెగిన గీతల పెట్టెలో చూపించినా సరిపోయేది. ఇక ఒకే ఎలక్టివ్‌ని మేజర్ కిందా, మైనర్ కిందా లెక్కేసి 'క్రెడిట్లు పూర్తి' అనేస్తుంది. చాలా చోట్ల దానికి పరిమితి ఉంటుంది. అందుకే ఆఖరి రెండు సెమిస్టర్లకు ముందు మీరు చేరిన ఏడాది నిబంధనలు పక్కన పెట్టుకుని, క్రెడిట్లు అడ్వైజర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

కోర్సులన్నీ ముందే నిర్ణయమైపోయే డిగ్రీ అయితే దీనితో పనే లేదు. మైనరో, ఎక్కువ ఎలక్టివ్‌లో, ఒక బ్యాక్‌లాగో ఉన్నవాళ్లు మాత్రం మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టండి.