ఉన్నదున్నట్టు ఉటంకించడమా, సొంత మాటల్లో చెప్పడమా?

వ్యాసంలో ఇతరుల మాటను కొటేషన్ గుర్తుల మధ్య యథాతథంగా ఉంచాలా, లేక దాని భావాన్ని మన వాక్యంలో చెప్పాలా అన్నది రాసేవారికి తరచూ ఎదురయ్యే సందిగ్ధం.

శ్రమ: ఉటంకింపుకు మూలాన్ని వెతికి అక్షరమక్షరం సరిచూడాలి. సొంత మాటలకు మూలాన్ని పూర్తిగా అర్థం చేసుకోవాలి. నిజానికి ఇదే పెద్ద పని.

ప్రమాదం: ఉటంకింపులో పాఠం తప్పవచ్చు. వేమన పద్యాలను 1829లో సి.పి.బ్రౌన్ అచ్చువేయించే నాటికే రాతప్రతుల్లో పాఠాంతరాలు (ఒకే పద్యానికి వేర్వేరు రూపాలు) అనేకం ఉన్నాయి కాబట్టి, జ్ఞాపకం నుంచి పద్యం రాసి ఏ ముద్రణను అనుసరించారో చెప్పకపోతే పాఠకుడికి సరిచూసుకునే దారి ఉండదు. అంతకన్నా పెద్ద చిక్కు సందర్భాన్ని తెంపడం: రచయిత ఖండించడానికి ఎత్తుకున్న వాదనను అతని అభిప్రాయంగా చూపితే, అక్షరం తప్పకపోయినా అది అబద్ధమే. సొంత మాటల్లో భావం జారవచ్చు. మూలకర్త పేరు చెప్పకపోతే చౌర్యమవుతుంది.

కాపీరైటు: మన చట్టంలో సాహిత్య రచనలకు కాపీరైటు రచయిత మరణానంతరం 60 ఏళ్లు ఉంటుంది. విమర్శకు, సమీక్షకు న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది. భావానికి కాపీరైటు లేదు.

పద్యం, చట్టనిబంధన, మనం ఖండించబోయే వాక్యం అయితే ఉటంకింపే తగినది. సుదీర్ఘ వాదన, కథాంశం, గణాంకాల వివరణ అయితే, మూలకర్త పేరు చెప్పి సొంత మాటల్లో రాయడం మేలు. పేజీలో సగం ఇతరుల వాక్యాలే నిండితే, వాటిలో ఎక్కువభాగాన్ని సొంత వాక్యాలుగా మార్చాలి.